పగడాల తొట్టెలో నాచు: ముందు ఆనవాలు, ఆ తర్వాతే వైద్యం

రాళ్ల మీదో ఇసుక మీదో ఏదో పెరుగుతోందని కనబడగానే ఉప్పునీటి తొట్టె పెట్టినవాళ్లు చాలామంది ఒకే దారి పడతారు. లైటు గంటలు తగ్గిస్తారు, మేత సగానికి కోస్తారు, ఫాస్ఫేట్ పీల్చే గుళికలు తెచ్చి ఫిల్టర్‌లో పోస్తారు. పచ్చ వెంట్రుకల నాచుకైతే ఈ దారి చాలావరకు సరైనదే. పెరిగేది డైనోఫ్లాజెల్లేట్లు అనే ఏకకణ జీవులు అయితే మాత్రం, ఫాస్ఫేట్‌ను సున్నాకు దింపడమంటే వాటికి పోటీ లేకుండా చేసి పెట్టడమే. నత్తలు చస్తాయి, పగడాలు ముడుచుకుంటాయి, అది చూసి యజమాని ఇంకాస్త గుళికలు పోస్తాడు. ఒకదాన్ని చంపేది ఇంకోదాన్ని పెంచుతుంది కాబట్టి గుర్తుపట్టకుండా ఏ సీసా మూతా తీయకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇక్కడ చెప్పే మోతాదులన్నీ 200 లీటర్ల నికర నీళ్లకు. తొట్టె కొలతలను బట్టి వచ్చే లెక్క వేరు, రాళ్లూ ఇసుకా పోగా సంప్ (ఫిల్టర్, పంపులు పెట్టుకునే పక్క తొట్టె) నీళ్లు కలుపుకుంటే మిగిలే లెక్క వేరు. మందు వేసేటప్పుడు పనికొచ్చేది రెండోదే.

ఏది ఏదో తేల్చుకోవడం

ఇసుక మీద గోధుమరంగు పొడిలా పరుచుకుని, వేలితో కదిపితే పొగలా లేచిపోయేవి డయాటమ్‌లు. కొత్త తొట్టెలో రెండో వారం నుంచి ఆరో వారం మధ్య ఇవి రావడం మామూలే. నీళ్లలో సిలికా అయిపోగానే వాటంతట అవే పోతాయి. వాటికోసం డబ్బు ఖర్చుపెట్టక్కర్లేదు. ఏడాది నిండిన తొట్టెలో వచ్చాయంటే మాత్రం మీరు పోసే నీళ్లను అనుమానించాలి. దాని సంగతి కింద చెబుతాను.

ఎర్రగానో ముదురు ఊదాగానో పొర కట్టి, పెద్ద సిరంజితో నీళ్లు చిమ్మితే తడి గుడ్డలా పొరలుపొరలుగా లేచేది సయనోబాక్టీరియా. అది నాచు కాదు, బ్యాక్టీరియా. ఆకుపచ్చ గోళీల్లా రాయిని అంటుకుని ఉండేది వేలోనియా, బుడగ నాచు. ఒక్కో బుడగా ఒక్కో కణమే.

పట్టుకుని లాగితే పోగు తెగి వచ్చి, కుదురు రాయికే ఉండిపోతే అది పచ్చ వెంట్రుకల నాచు. ఇందులో ఎక్కువగా కనబడేవి డెర్బీసియా, క్లాడోఫోరా. డెర్బీసియా మెత్తగా జారిపోతుంది, క్లాడోఫోరా గరుగ్గా కొమ్మలు వేసి ఉంటుంది. రెండింటికీ చేసే పని ఒకటే కనుక వాటి మధ్య తేడా తేలకపోయినా నష్టం లేదు. బ్రయాప్సిస్‌తో మాత్రం పొరబడకూడదు. తెల్లటి గిన్నెలో కొంచెం నీళ్లు పోసి ఒక పోగు వేసి భూతద్దంతో చూడండి. నడుమ ఒక కాడ, దాని పక్కల పక్షి ఈకలా చిన్నచిన్న రెమ్మలు ఉంటే బ్రయాప్సిస్. పోషకాలు తగ్గించినంత మాత్రాన అది లొంగదు, నత్తలు దాని జోలికి పోవు.

ఇక డైనోఫ్లాజెల్లేట్లు. చీమిడిలాంటి గోధుమ తీగలు, వాటి కొసల్లో గాలి బుడగలు. పొద్దున లైటు వెలగకముందు దాదాపు మాయమై, సాయంత్రానికి మళ్లీ కమ్ముకుంటాయి. నత్తలు తలకిందులై పడుంటాయి. సయనోకూ డయాటమ్‌లకూ వీటికీ మధ్య తికమకపడితే ఒక పరీక్ష ఉంది. ఆ జిగురును కొంచెం తొట్టె నీళ్లతో పాటు చిన్న సీసాలోకి తీసి, జిగురు విడిపోయేదాకా గట్టిగా కుదపండి. టిష్యూ కాగితంలోనో కాఫీ ఫిల్టర్‌లోనో వడకట్టి, కిందికి దిగిన నీళ్లను గాజు గ్లాసులో పోసి లైటు కింద గంటసేపు కదపకుండా ఉంచండి. తేటగా ఉన్న నీళ్లలో మళ్లీ తీగలు కట్టుకుంటే అవి డైనోలే. వడపోతలోంచి దిగిన విడి కణాలు ఈదుకుంటూ వచ్చి మళ్లీ గుంపు కడతాయి. సయనో అలా చేయలేదు.

ఇంతవరకు వచ్చాక స్కూలు పిల్లలు వాడే రకం మైక్రోస్కోపయినా సరే, 400 రెట్లు చూపించేది ఒకటి సంపాదించండి. ఈ సరదాకు పెట్టే ఖర్చులో అది చాలా చిన్నది, మిగతా పరికరాల కంటే ఎక్కువ నష్టాన్ని ఆపుతుంది. కన్నీటి చుక్క ఆకారంలో ఉండి, ఒక కొసన దారంతో కట్టినట్టు ఉన్నచోటే గిరగిర తిరిగేది ఆస్ట్రియాప్సిస్. అండాకారంలో ఉండి ఇసుక రేణువుల మధ్య నెమ్మదిగా జారుతూ పోయేది ఆంఫిడీనియం. ఈ రెండింటికీ వైద్యం వేరు కాబట్టి ఇక్కడ తేడా తేలడం ముఖ్యం. కదలని గాజు పెట్టెల్లాంటివి డయాటమ్‌లు, గొలుసులా అతుక్కున్న సన్నని పోగులు సయనో.

ఒక్క హెచ్చరిక. నాచు దట్టంగా ఉన్న తొట్టెలో నైట్రేట్, ఫాస్ఫేట్ పరీక్షలు సున్నా చూపించవచ్చు, ఎందుకంటే నీళ్లలోకి దిగిందంతా నాచు అప్పటికప్పుడే తాగేస్తోంది. పచ్చ నాచు గుబురుగా ఉండి పరీక్ష సున్నా చూపితే తొట్టెలో పోషకాలు లేవని అర్థం కాదు. పచ్చదనమేమీ లేకుండా గోధుమ జిగురు మాత్రమే ఉండి సున్నా వస్తే అది నిజమైన సున్నాయే. ఫాస్ఫేట్‌కు రంగు చూసి పోల్చుకునే కిట్లు ఈ స్థాయిలో పనికిరావు. హన్నా చెకర్ లాంటి డిజిటల్ మీటర్ కావాలి. అందులో ఫాస్ఫరస్‌ను పీపీబీలో (లీటరుకు మైక్రోగ్రాముల్లో) చూపే మోడల్ కొంటే, వచ్చిన అంకెను 3.066తో గుణించి 1000తో భాగిస్తే ఫాస్ఫేట్ పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) వస్తుంది. ఆ గుణకారం మరిచి, ఉన్నదానిలో మూడో వంతే ఉందనుకునేవాళ్లు ఉన్నారు.

పోసే నీళ్లు

మన ఊళ్లలో ఉప్పునీటి తొట్టెకు నాచు పట్టడానికి మొదట వెతకాల్సిన కారణం ఇదే. ఎండాకాలంలో ఫ్యాన్ పెట్టి చల్లబరిచే 200 లీటర్ల తొట్టెలోంచి రోజుకు నాలుగు లీటర్లు ఆవిరి కావడం వింతేమీ కాదు. నెలకు 120 లీటర్లు. ఉప్పు ఆవిరి కాదు, నైట్రేట్ కూడా ఆవిరి కాదు. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ఒప్పుకునే నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు. అంటే తాగడానికి పూర్తిగా పనికొచ్చే నీళ్లు నెలంతా పోస్తే 5,400 మిల్లీగ్రాముల నైట్రేట్ తొట్టెలో చేరి, 200 లీటర్లలో 27 పీపీఎం పెరుగుతుంది. చేపలకు ఒక్క మెతుకు వేయకుండానే! పొలాల పక్కన బోర్లలో నైట్రేట్ ఈ హద్దు దాటే చోట్లు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి.

వంటింటి ఆర్‌ఓ యంత్రం ఉంది కదా అని నిశ్చింతగా ఉండొద్దు. మనకు అమ్మే యంత్రాలు చాలావాటిలో రుచి కోసం టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) కంట్రోలర్ అనే చిన్న వాల్వ్ ఉంటుంది. అది మెంబ్రేన్ దాటిన నీళ్లలో వడకట్టని నీళ్లను కొంత కలుపుతుంది. కొన్నిట్లో ఆఖర్న మినరల్ కార్ట్రిడ్జ్ కూడా ఉంటుంది. తొట్టెకు కావాల్సింది ఆ వాల్వ్ పూర్తిగా మూసి, మినరల్ కార్ట్రిడ్జ్‌కు ముందే పైపు తీసి, ఆ నీళ్లను మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ గుండా పంపితే వచ్చేవి. మీటర్‌లో టీడీఎస్ సున్నా రావాలి. మెంబ్రేన్ తర్వాత 30, డీఐ తర్వాత 0 ఉంటే బాగున్నట్టు. మెంబ్రేన్ తర్వాతే 80, 100 వస్తుంటే డీఐ రెజిన్ వారాల్లో అయిపోతుంది, ముందు మెంబ్రేన్ మార్చాలి.

రెజిన్ అయిపోయేటప్పుడు ముందుగా జారిపోయేది సిలికా. అది నీళ్లలో పెద్దగా విద్యుదావేశం లేకుండా ఉంటుంది కాబట్టి మీటర్ ఇంకా సున్నానే చూపిస్తుంది. గ్రానైటు నేలల్లోని బోరు నీళ్లలో సిలికా సహజంగానే ఎక్కువ. పాత తొట్టెలో ఉన్నట్టుండి గోధుమ పొడి వచ్చిందంటే సగం సందర్భాల్లో జవాబు ఇక్కడే దొరుకుతుంది. రంగు మారే రెజిన్ అయితే మూడొంతుల్లో రెండొంతులు రంగు మారగానే మార్చేయండి, మీటర్ కదిలేదాకా ఆగొద్దు.

పచ్చ వెంట్రుకల నాచు

ముందు చేతిపని. మందులూ నత్తలూ ఏవైనా దీని తర్వాతే. పంపులన్నీ ఆపండి. 10 లేదా 12 మిల్లీమీటర్ల పారదర్శక పైపు కొసకు గట్టి కుచ్చు ఉన్న టూత్‌బ్రష్‌ను జిప్ టైతో కట్టండి, కుచ్చు పైపు మూతికి ఆనుకునేలా. సైఫన్ మొదలుపెట్టి రాయిని రుద్దుతుంటే, తెగిన పోగు తెగినట్టే పైపులోకి పోతుంది. పైపు రెండో కొసను 100 లేదా 200 మైక్రాన్ల ఫిల్టర్ సంచిలో పెట్టి, ఆ సంచిని సంప్‌లో ఉంచితే నీళ్లు తిరిగి తొట్టెలోకే వస్తాయి, ఎంతసేపైనా పని చేయవచ్చు. సైఫన్ లేకుండా బ్రష్‌తో రుద్దడం అసలు పని చేయకపోవడం కంటే చెడ్డది. తెగిన ప్రతి తునకా నీటి వాలులో పోయి ఇంకో రాయిని పట్టుకుంటుంది. వారానికి రెండుసార్లు చొప్పున కనీసం మూడు నాలుగు వారాలు చేయాలి.

చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి, ముఖ్యంగా రాయి మీద జోయాంథిడ్లు, పాలీథోవాలు అనే పగడాల్లాంటి జీవులు ఉంటే. వాటిలో కొన్నిట్లో పాలీటాక్సిన్ అనే విషం ఉంటుంది. చర్మం మీద గాయం ఉన్నా, నీళ్లు కంట్లో చిమ్మినా ఆసుపత్రి పాలయ్యే ప్రమాదం ఉంది. నాచు పోవాలని రాళ్లను మరుగుతున్న నీళ్లలో వేయడం, స్టీమ్ పట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు. ఆ ఆవిరి పీల్చి ఇల్లంతా ఆసుపత్రిలో చేరిన సంఘటనలు వేర్వేరు దేశాల్లో వైద్య పత్రికలకు ఎక్కాయి.

ఇక పోషకాలు. లక్ష్యం సున్నా కాదు. నైట్రేట్ 2 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం మధ్య ఉంటే పగడాలు బతుకుతాయి, నాచు అదుపులో ఉంటుంది. ఫాస్ఫేట్‌లో సింహభాగం మేత నుంచే వస్తుంది. పొడి మేతలో సుమారు ఒక శాతం ఫాస్ఫరస్ ఉంటుందనుకుంటే, ఒక గ్రాము మేతలో 10 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్, అంటే దాదాపు 30 మిల్లీగ్రాముల ఫాస్ఫేట్. అదంతా 200 లీటర్లలో కరిగితే 0.15 పీపీఎం. ఒక్క గ్రాముకు ఇది! చేపలూ పగడాలూ కొంత వాడుకుంటాయి, నురగతో మురికిని లాగే స్కిమ్మర్ కొంత తీస్తుంది, మిగిలింది నాచుకు. గడ్డకట్టిన రొయ్య మేతను చిన్న జల్లెడలో కరగనిచ్చి, కారిన నీళ్లు పారబోసి, రొయ్యను మాత్రమే వేయండి. చేపలను పస్తులుంచక్కర్లేదు, రెండు నిమిషాల్లో తినేంత వేస్తే చాలు.

నీళ్లు మార్చడం మీద అతి ఆశ పెట్టుకుంటారు. పది శాతం నీళ్లు మారిస్తే ఫాస్ఫేట్ పది శాతమే తగ్గుతుంది, మర్నాటికి రాయి దాన్ని మళ్లీ నింపేస్తుంది. సున్నపు రాయి ఫాస్ఫేట్‌ను పట్టి దాచుకుంటుంది, నీళ్లలో తగ్గగానే వదులుతుంది. పాత తొట్టెలోంచి కొన్న రాళ్లలో ఈ నిల్వ నెలల తరబడి కారుతూనే ఉంటుంది. అలాంటి రాయిని తొట్టెలో పెట్టకముందే విడి డబ్బాలో, చీకట్లో, పంపు తిప్పుతూ ఉప్పునీళ్లలో నానబెట్టి వారం వారం ఫాస్ఫేట్ కొలవండి. 0.1 కంటే దిగి నిలకడగా ఉన్నప్పుడే లోపలికి. సముద్రం ఒడ్డున దొరికిందని పగడపు రాయి తెచ్చుకోవడం మాత్రం కుదరదు. రాతి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, చచ్చిన ముక్కకూ అదే చట్టం వర్తిస్తుంది.

ఫాస్ఫేట్ 0.2 దాటి ఉంటే ఫెర్రిక్ ఆక్సైడ్ గుళికలు వాడొచ్చు. 50 గ్రాములతో మొదలుపెట్టండి, డబ్బా మీద ఎంత రాసి ఉన్నా సరే. ఆర్‌ఓ నీళ్లలో గోధుమ బురద పోయేదాకా కడిగి, రియాక్టర్‌లో (గుళికల గుండా నీళ్లు పంపే గొట్టంలో) గుళికలు పైపైన మెల్లగా కదిలేంత ప్రవాహమే ఇవ్వండి. ఎక్కువైతే ఒకదానికొకటి రాసుకుని పిండై తొట్టెలోకి వస్తాయి. రెండు రోజులకోసారి కొలవండి. వారంలో మూడో వంతు కంటే ఎక్కువ పడిపోతుంటే గుళికలు సగం తీసేయండి. ఫాస్ఫేట్ ఒక్కసారిగా కూలితే ఆక్రోపోరా లాంటి పగడాలు కింది నుంచి చర్మం వదిలేస్తాయి. ఆల్కలినిటీ (నీళ్లలో కార్బొనేట్ల మోతాదు, డీకేహెచ్‌లో కొలుస్తారు) కూడా ఆ రోజుల్లో 8 డీకేహెచ్ దగ్గర స్థిరంగా ఉంచండి. పోషకాలు తక్కువగా ఉండి ఆల్కలినిటీ 11 మీద ఉంటే పగడాల కొసలు తెల్లగా మాడతాయి.

దీర్ఘకాలానికి గుళికల కంటే సంప్‌లో కీటోమార్ఫా పెంచడమే నాకు నచ్చిన పద్ధతి. అదీ నాచే, కానీ అది మన చేతిలో ఉంటుంది. మొక్కలకు వాడే ఎరుపు, నీలం ఎల్ఈడీ దీపం పైన పెట్టి, తొట్టె లైట్లు ఆరిన రాత్రి వేళ 10 నుంచి 12 గంటలు వెలిగించండి. రాత్రిపూట పీహెచ్ పడిపోకుండా ఉండటం అదనపు లాభం. ముద్ద రెట్టింపు కాగానే సగం తీసి పారేయాలి. తీయకపోతే పోషకాలు తొట్టెలోనే ఉన్నట్టు. విశాఖ ఒడ్డున రాళ్ల మీద అలలు కొట్టేచోట పెరిగే కీటోమార్ఫా ఆంటెన్నినా వేరే రకం. అది రాయిని పట్టుకుని అలల తాకిడిలో బతికేది, సంప్‌లో ముద్దగా తేలుతూ బతకదు, పైగా ఏయే పురుగులను మోసుకొస్తుందో చెప్పలేం. దుకాణంలో విడి ముద్దగా అమ్మేదే తెచ్చుకోండి.

నత్తల విషయానికొస్తే అవి గడ్డి కోసేవి కావు, కోసిన చోట మోళ్లు గీకేవి. పోగు సెంటీమీటరు దాటితే వాటికి చేతకాదు. బ్రష్ పని అయ్యాక ఎనిమిది పది ట్రోకస్ నత్తలు వేస్తే మళ్లీ మొలవకుండా చూస్తాయి. చల్లటి నీళ్ల నుంచి వచ్చే మెక్సికన్ టర్బోలు మన ఎండలకు 29, 30 డిగ్రీల నీళ్లలో నిలవవు. ఆస్ట్రియా నత్త బోర్లా పడితే తనంతట తిరగలేదు, మీరే తిప్పాలి. డోలాబెల్లా అనే సముద్రపు కుందేలు ఈ నాచును నిజంగా మేస్తుంది, కానీ ఇంత తొట్టెలో మేత అయిపోగానే ఆకలితో చస్తుంది. పంపులో ఇరుక్కుంటే దాని రంగు విషం చేపలను చంపుతుంది. పంపు మూతులకు స్పాంజి తొడిగి, నాచు అయిపోగానే దాన్ని ఇంకో తొట్టెకు పంపే ఏర్పాటు ముందే ఉంటేనే తెచ్చుకోండి. సర్జన్ చేపలు బాగా మేస్తాయి, కానీ నాలుగడుగుల కంటే చిన్న తొట్టెలో వాటిని పెట్టడం వాటికి శిక్ష.

బ్రయాప్సిస్

చిన్న కుదురు, అదీ తీయగలిగిన రాయి మీద ఉంటే హైడ్రోజన్ పెరాక్సైడ్ చాలు. మన మందుల షాపుల్లో దొరికేది సాధారణంగా 20 వాల్యూమ్, అంటే దాదాపు 6 శాతం. దానికి సమానంగా ఆర్‌ఓ నీళ్లు కలిపితే 3 శాతం అవుతుంది. ఇది చూసుకోకుండా విదేశీ వీడియోల్లో చెప్పిన మోతాదు నేరుగా పోసి పగడాలను మాడ్చుకుంటారు. రాయిని బయటకు తీసి, నాచు మీద మాత్రమే బ్రష్‌తోనో సిరంజితోనో పూసి, మూడు నిమిషాలు ఉంచి, విడి బకెట్‌లో తొట్టె నీళ్లతో రెండుసార్లు కడిగి తిరిగి పెట్టండి. రెండు మూడు రోజుల్లో కుదురు తెల్లబడుతుంది. మందును నేరుగా తొట్టెలో పోస్తే క్లీనర్ రొయ్యలు ముందు పోతాయి.

తొట్టె అంతా పాకితే ఫ్లుకోనజోల్. బూజు జబ్బులకు మనుషులకు ఇచ్చే మందే. బూజు కణాల పొరకు కావాల్సిన స్టెరాల్ తయారీని ఆపుతుంది, బ్రయాప్సిస్‌లోనూ అలాంటి మెట్టునే అడ్డుకుంటుందని అనుకుంటున్నారు. వాడుకలో స్థిరపడ్డ మోతాదు లీటరుకు 5 మిల్లీగ్రాములు. 200 లీటర్లకు 1,000 మిల్లీగ్రాములు, అంటే 200 మిల్లీగ్రాముల మాత్రలు ఐదు. ఇది డాక్టరు చీటీ మీద ఇచ్చే మందు. అక్వేరియంకోసమే ప్యాక్ చేసినది దొరికితే అదే మేలు. మాత్రలను మెత్తగా నూరి లీటరు గోరువెచ్చని ఆర్‌ఓ నీళ్లలో బాగా కలిపి సంప్‌లో పోయండి.

వేసే ముందు కార్బన్ (వడపోత బొగ్గు), ఫెర్రిక్ గుళికలు తీసేయాలి, యూవీ (నీళ్లలోని సూక్ష్మజీవులను చంపే దీపం) ఆపాలి. స్కిమ్మర్ విపరీతంగా పొంగుతుంది కాబట్టి కప్పు తీసేసి గాలి కోసం తిప్పుతూ ఉంచండి. కీటోమార్ఫా కూడా దెబ్బతినవచ్చు, కొంత తీసి వేరే బకెట్‌లో లైటు కింద దాచుకోండి. తొలి మూడు నాలుగు రోజులు ఏమీ జరిగినట్టుండదు. చాలామంది ఇక్కడ ఓపిక పట్టక రెండో మోతాదు వేస్తారు, వేయొద్దు. ఆ తర్వాత కొసలు పాలిపోతాయి, రెండో వారంలో పోగులు ఊడివస్తాయి. 14 నుంచి 21 రోజులు ఉంచి, 30 శాతం నీళ్లు మార్చి, కొత్త కార్బన్ పెట్టండి. చచ్చిన నాచు కుళ్లి ఫాస్ఫేట్ పైకి లేస్తుంది, ఊడిందాన్ని రోజూ సైఫన్ చేయకపోతే ఆ ఖాళీలో సయనో వస్తుంది. డెర్బీసియా మీద కూడా ఈ మందు తరచు పనిచేస్తుంది. సయనో, డైనోల మీద అసలు పనిచేయదు.

డైనోఫ్లాజెల్లేట్లు

ఇక్కడ అన్నీ తలకిందులు. గుళికలు వెంటనే తీసేయండి, నీళ్లు మార్చడం ఆపండి, బ్యాక్టీరియాకు మేతగా వోడ్కా లాంటివి పోసే కార్బన్ డోసింగ్ ఉంటే మానండి, స్కిమ్మర్ గంటలు తగ్గించండి. నైట్రేట్‌ను 5 నుంచి 10కి, ఫాస్ఫేట్‌ను 0.1కి ఎక్కించి అక్కడే నిలపాలి. అప్పుడు మామూలు నాచు, డయాటమ్‌లు, బ్యాక్టీరియా లేచి డైనోల చోటు ఆక్రమిస్తాయి.

నైట్రేట్‌కు పొటాషియం నైట్రేట్ వాడొచ్చు, మన సురేకారమే. రైతులు డ్రిప్‌లో వాడే 13-0-45 కూడా అదే రసాయనం, కానీ తొట్టెకు ల్యాబ్ రకమో ఫుడ్ గ్రేడో తీసుకోండి. ఒక గ్రాము 200 లీటర్లలో సుమారు 3 పీపీఎం నైట్రేట్ పెంచుతుంది. రోజుకు గ్రాము మించకుండా ఎక్కించండి. ఫాస్ఫేట్‌కు స్ఫటికాల రూపంలో దొరికే ట్రైసోడియం ఫాస్ఫేట్ ఒక గ్రామును లీటరు ఆర్‌ఓ నీళ్లలో కరిగించి పెట్టుకోండి. అందులో 40 మిల్లీలీటర్లు 200 లీటర్లలో 0.05 పీపీఎం పెంచుతాయి. మర్నాడు కొలిస్తే మళ్లీ సున్నా కనబడుతుంది. కంగారు పడొద్దు, రాళ్లు తాగేశాయి. వాటి దాహం తీరేదాకా రోజూ కొలుస్తూ రోజూ వేయాలి. దీనికి వారం పట్టొచ్చు, మూడు వారాలూ పట్టొచ్చు.

ఆస్ట్రియాప్సిస్ రాత్రి నీళ్లలోకి లేస్తుంది, అందుకే దానిమీద యూవీ అద్భుతంగా పనిచేస్తుంది. 12 లీటర్లకు ఒక వాట్ లెక్కన 18 వాట్ల యూవీ, గంటకు 300 నుంచి 500 లీటర్ల పంపు. సంప్‌లో పెడితే సగం ఫలితం కూడా రాదు. ప్రధాన తొట్టెలోంచే నీళ్లు తీసి ప్రధాన తొట్టెలోకే వదలాలి. మొదటి మూడు రోజులు లైట్లు పూర్తిగా ఆపితే పని వేగిరం అవుతుంది. ఆక్రోపోరాలు ఉంటే పూర్తి చీకటికి బదులు నీలం లైటు సన్నగా ఉంచండి. ఈ జాతి విషం వదులుతుంది కాబట్టి కార్బన్ పెట్టి వారానికోసారి మార్చండి, ఆ నీళ్లలో చేతులు పెట్టేటప్పుడు గ్లవ్స్ వదలొద్దు.

పెద్ద కణాల ఆంఫిడీనియం ఇసుక వదిలి పైకి రాదు. యూవీ దాన్ని తాకదు. దానికి సిలికా దారి: సోడియం సిలికేట్‌ను కొద్దికొద్దిగా వేసి, సిలికా పరీక్షలో 1 పీపీఎం చుట్టుపక్కల ఉంచితే డయాటమ్‌లు ఇసుకను కప్పేసి డైనోలను నెడతాయి. అన్నాళ్లూ గోధుమ పొడిని నిజంగానే పెంచుతున్నట్టు ఉంటుంది, ఆరు నుంచి ఎనిమిది వారాలు ఓర్చుకోవాలి. ఇసుకను సైఫన్‌తో కెలికితే డయాటమ్‌ల పొర చెదిరి లెక్క మొదటికొస్తుంది.

సయనోకు పెద్ద కథ అక్కర్లేదు. నీటి కదలిక లేని మూలల్లో వస్తుంది, వేవ్‌మేకర్ (నీళ్లను కదిపే పంపు) దిక్కు మార్చి పొరను సైఫన్ చేస్తే చాలాసార్లు పోతుంది. యాంటీబయాటిక్ ఆఖరి అస్త్రం. వేయాల్సివస్తే గాలి రాయి గట్టిగా తిప్పండి, చచ్చే సయనో ఆక్సిజన్‌ను లాగేస్తుంది. బుడగ నాచును రాయి బయటకు తీసి సన్నని స్క్రూడ్రైవర్‌తో మొదలంటా పెకలించండి. లోపలే తీయాల్సివస్తే పక్కనే సైఫన్ పెట్టుకోండి. పండిన బుడగ పగిలితే లోపలున్నవి తొట్టె అంతా చల్లుకుంటాయి.

తీసిన నాచును, కీటోమార్ఫా మిగులును, ముఖ్యంగా కౌలెర్పా అనే నాచును కాలువలోనో సముద్రంలోనో వదలొద్దు. తొట్టెల్లో పెంచిన కౌలెర్పా టాక్సిఫోలియా 1984లో మొనాకో సముద్ర మ్యూజియం కింద కనబడి, ఆ తర్వాత మధ్యధరా తీరం వెంట పాకిపోయింది. విశాఖలోనో కాకినాడలోనో తొట్టె ఉన్నవాళ్లకు సముద్రం మరీ దగ్గర. ఎండలో పెళుసుగా విరిగేదాకా ఆరబెట్టి పొడి చెత్తలో వేయండి. నాచు రుద్దిన బకెట్ నీళ్లలో లీటరుకు ఐదు మిల్లీలీటర్ల బ్లీచ్ ద్రావణం కలిపి గంట ఉంచాకే పారబోయండి. ఆ బకెట్‌ను తిరిగి ఉప్పు కలపడానికి వాడకుండా వేరే రంగుది పెట్టుకోండి.